అల్లుడి జలుబు

నిర్మల చేతిలోని ఫారంలో నలభై ఆరు ప్రశ్నలున్నాయి. పదిహేడో ప్రశ్న ఇది: "గడచిన ముప్పది దినములలో మీ మందలోనికి నూతన జీవముల ప్రవేశము జరిగినదా?" దీన్ని రాసినవాళ్ళు గొర్రెలు కాసేవాళ్ళతో ఎన్నడూ మాట్లాడి ఉండరని నిర్మలకు మొదటి రోజే అర్థమైంది. అందుకని ప్రశ్నను తన మాటల్లోకి మార్చుకుంది. "ఈ నెలలో కొత్తగా జీవాలేమన్నా కొన్నారా?" అని అడిగేది.

కొనడం అన్న మాట దగ్గరే తప్పు జరిగింది. అది బయటపడేసరికి మధ్యాహ్నమైంది.

ఆ రోజు కార్తీక సోమవారం. నంద్యాల బస్టాండు దగ్గర మహానంది బస్సుల కోసం జనం రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డారు. జీపు ఆ జనాన్ని దాటడానికి ఇరవై నిమిషాలు పట్టింది. బండి తోలుతున్నవాడు మహేష్. పశువైద్యశాలలో సహాయకుడు, నలభై ఒక్క ఏళ్ళవాడు, ఆళ్ళగడ్డ మనిషి. వెనక సీట్లో ఐసు పెట్టె ఉంది. అందులో నాలుగు సీసాలు, సీసాకు వంద చొప్పున నాలుగు వందల గొర్రెలకు టీకా. తరువాతి సరుకు రావడానికి పది రోజులు పడుతుందని స్టోరులో చెప్పారు.

శిరివెళ్ళ అవతల ఉన్న ఎర్రబావి కొట్టాలలో గొర్రెలు చనిపోతున్నాయని కబురు వచ్చింది. జ్వరం, ముక్కు కారడం, నోట్లో పుండ్లు, తరువాత విరేచనాలు. పశువుల డాక్టరైన నిర్మల ఫోనులోనే రోగం పేరు అనుకుంది. పారుడు రోగం. వైరస్ వల్ల వస్తుంది. ఒక గొర్రె తుమ్మితే పక్క గొర్రెకు అంటుతుంది. అంటిన ఐదు రోజులకు బయటపడుతుంది. టీకా వేస్తే రోగాన్ని తట్టుకునే బలం రావడానికి పది రోజులు కావాలి. అంటే, రోగం చేరిన మందకు వేసిన టీకా చాలావరకు వృథా. చేరబోయే మందకు ముందే వెయ్యాలి. అది ఏ మందో తెలియాలంటే రోగం ఎటు నుంచి వచ్చి ఎటు పోతోందో తెలియాలి. నిర్మల ఆ పని మీద వచ్చింది.

ముందు జకరయ్య ఇంటికి వెళ్ళింది. ఆయనకు యాభై నాలుగు జీవాలు. అందులో ఆరు పోయాయి. మహేష్ దొడ్లోకి వెళ్ళి గొర్రెల ముక్కుల్లోంచి నమూనాలు తీస్తున్నాడు. నిర్మల అరుగు మీద కూర్చుని ఫారం తెరిచింది. జకరయ్య, ఆయన భార్య ఓబులమ్మ ఎదురుగా కూర్చున్నారు.

"కొత్తగా జీవాలేమన్నా కొన్నారా?"

"లేదమ్మా. మా ఇంట్ల కొనే అలవాటు ల్యా. అమ్మే అలవాటే" అన్నాడు జకరయ్య.

"సంతకు ఏమన్నా తోలుకుపోయి వెనక్కి తెచ్చారా?"

"ల్యా."

"పక్క ఊరి మందలతో కలిపి మేపుతారా?"

"ఆ ఊరోళ్ళతో మాకు మాటల్లేవు. గొర్రెలకూ లేవు."

"బయటి నుంచి మీ ఇంటికి ఎవరన్నా వచ్చారా?"

ఓబులమ్మ అందుకుంది. "అల్లుడొచ్చినాడు కదా."

"ఎప్పుడు?"

"దీపావళికి ముందు మంగళవారం. శనివారం దాకా ఉన్న్యాడు. ఇంకో రెండు దినాలు పెట్టుకుంటామంటే ఓబయ్య ఒప్పుకోల్యా. మా ఇంటికి బేగా పంపు అని ఒకటే పోరు."

నిర్మల రాసుకుంది. "ఆయన మందలోకి వెళ్ళాడా?"

జకరయ్య భార్య వైపు చూశాడు. "మందలోకి పోకుండా అల్లుడికి ఇంకేం పనమ్మా?"

"ఆరోగ్యంగానే ఉన్నాడా?"

"వచ్చినప్పుడే ముక్కు కారుతాండె. జలుబనుకున్యాం. మొదటి దినం ఏమీ ముట్టల్యా. ఉలవలు ఉడకేసి పెడితే రెండో దినం తిన్యాడు."

"మాస్కు పెట్టుకోమని చెప్పాల్సింది" అంది నిర్మల.

ఓబులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. జకరయ్య నవ్వలేదు. నంద్యాల డాక్టర్లకు తెలియనిదేముంటుంది, గొర్రెలకూ మాస్కులు వచ్చాయేమో అనుకున్నాడు. నిర్మల ఫారంలో ఇలా రాసింది: "సందర్శకుడు ఒకరు, అల్లుడు. జలుబు. వెంట జీవాలను తేలేదు."

ఓబయ్య ఇల్లు మూడో వీధిలో ఉంది. ఆయనకు డెబ్బై ఒక్క జీవాలు. ఒకటి నిన్న పోయింది, ఒకటి ఆ పొద్దున పోయింది. ఓబయ్య కూడా ఏమీ కొనలేదు. సంతకు పోలేదు. ఇంటికి ఎవరొచ్చారంటే అల్లుడొచ్చాడన్నాడు.

"జకరయ్య గారింటి నుంచి వచ్చినాయనేనా?"

"ఆయనే" అన్నాడు ఓబయ్య. ఆ మాటను ఆయన కాస్త ఒత్తి పలికాడు.

"మీకూ అల్లుడేనా?"

"ఊరందరికీ అల్లుడేనమ్మా."

పల్లెల్లో ఒకరినొకరు వరసలు పెట్టి పిలుచుకుంటారని నిర్మలకు తెలుసు. జకరయ్య చర్చికి పోయే మనిషి, ఓబయ్య అహోబిలానికి పోయే మనిషి. అయినా అన్నా బావా అనే అనుకుంటారు. ఆమెకు అందులో వింత కనపడలేదు.

"రాత్రిళ్ళు ఎక్కడ పడుకున్నాడు?"

"దొడ్లో. జీవాలతోనే."

"అదేంటి, ఇంట్లో పడుకోబెట్టలేదా?"

"ఇంట్లోనా? నా పెండ్లాం నన్నే రానీదు."

మూడో ఇల్లు రామేశ్వరమ్మది. అప్పటికి ఒంటిగంట. రామేశ్వరమ్మకు అరవై ఎనిమిదేళ్ళు, పదకొండు ఎకరాల చేను, ముప్పై ఎనిమిది జీవాలు. చనిపోయినవి లేవు. పొద్దుటి నుంచి రెండు దగ్గుతున్నాయి. ఆమె నిర్మలను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. ఫారం మొదటి పేజీలో ఇంట్లో ఎంతమంది అన్న ప్రశ్న ఉంది.

"నేనొక్కదాన్నే. ఆయన పోయి పన్నెండేండ్లాయ. పిల్లలు పుట్టల్యా."

"జీవాలేమన్నా కొన్నారా?"

"ఉన్నవాటినే చూసుకోలేక చస్తాండా."

"ఇంటికి ఎవరన్నా వచ్చారా?"

"అల్లుడొచ్చి మూడు దినాలుండి పోయినాడు."

నిర్మల పెన్ను ఆగింది. "పిల్లలు లేరన్నారు."

"లేరు."

"మరి అల్లుడు?"

"బిడ్డ ల్యాకుంటే అల్లుడు రాకూడదా?" అంది రామేశ్వరమ్మ. "ఊర్ల అందరిండ్లకు వచ్చి నా ఇంటికి రాకుండా పోతే ఊరుకుంటానా? నేనే పోయి చెవు పట్టుకుని తెచ్చుకున్యా."

"చెవి పట్టుకునా?"

"కొమ్ము పట్టుకుంటే తోస్తాడమ్మా."

మజ్జిగ గ్లాసు నిర్మల చేతిలోనే ఉంది. దాన్ని నేల మీద పెట్టి, పొద్దుటి నుంచి రాసిన రెండు ఫారాలూ తీసి చదువుకుంది. ఉలవలు. దొడ్లో పడక. మందలోకి పోకుండా ఇంకేం పని. అంతలో మహేష్ చేతులు కడుక్కుని వచ్చాడు.

"మహేష్, ఇక్కడ అల్లుడంటే ఏంటి?"

"పొట్టేలు మేడం. అడుక్కొచ్చుకున్న పొట్టేలు." అతను ఆమె చేతిలోని ఫారం మీదికి వంగి చూశాడు. సందర్శకుడు ఒకరు అన్న చోట చూపు ఆగింది. తరువాత మొహం పక్కకు తిప్పుకున్నాడు. భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

"ఏం రాసిందప్పా?" అని అడిగింది రామేశ్వరమ్మ.

"జలుబుకు మాస్కు పెట్టుకోమని సలహా ఇచ్చినారంట అల్లుడికి."

రామేశ్వరమ్మ నవ్వింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది. అయ్యాక ఆమే విడమరిచి చెప్పింది. చిన్న మందలు పెట్టుకునేవాళ్ళు పొట్టేలును మేపలేరు. మంచి పొట్టేలు ఉన్నవాడు గొర్రెలు ఎదకొచ్చే సీజనులో దాన్ని ఇంటింటికీ పంపుతాడు. కొన్నదని చెప్పడానికి లేదు, బాడుగకు తెచ్చామంటే ఇచ్చినవాడికి మర్యాద కాదు. నుదుట పసుపు పెట్టి, ఉలవలు పెట్టి, నాలుగు దినాలుంచుకుని పంపిస్తారు. వచ్చి, తిని, పని చేయకుండా పోయేవాణ్ణి అల్లుడనక ఇంకేమంటారు? "వీడు పనన్నా చేస్తాడు" అంది రామేశ్వరమ్మ.

నిర్మల కాగితం వెనక తేదీలు వేసింది. జకరయ్య ఇంటికి మంగళవారం వచ్చింది, ఆదివారం జ్వరాలు మొదలు. ఓబయ్య ఇంటికి శనివారం వచ్చింది, గురువారం మొదలు. రామేశ్వరమ్మ ఇంటికి బుధవారం వచ్చింది, ఈ పొద్దు దగ్గు మొదలు. రోగం పొట్టేలు నడిచిన దారినే నడిచింది. ఐదు రోజులు వెనకగా.

పొట్టేలు యజమాని పేరు లక్ష్మీనారాయణ. నంద్యాల పక్క పల్లెటూరి రైతు. మహేష్ ఫోను కలిపి ఇచ్చాడు. సంతకు తీసుకెళ్ళారా అని నిర్మల అడిగితే లేదన్నాడు. మళ్ళీ అడిగితే, పోయిన నెల ఒక సంతకు తోలుకుపోయానని, పొద్దంతా కట్టేసి నిలబడ్డానని, బేరం కుదరక వెనక్కి తెచ్చానని చెప్పాడు.

"ఇందాక లేదన్నారే?"

"అమ్ముడుపోలేదు కదమ్మా. అమ్ముడుపోకపోతే పోయినట్ల కాదనుకున్యా."

నిర్మల ఫోను పెట్టేసి రామేశ్వరమ్మను అడిగింది. "ఇప్పుడు పొట్టేలు ఎక్కడుంది?"

"శనివారం పొద్దున వ్యాన్లో ఎక్కిచ్చుకుపోయినారు. ఆళ్ళగడ్డ అవతల సాలురేగడికి."

"ఎవరింటికి?"

"సారు ఇంటికి. తిమోతి సారు. లెక్కలు చెప్తాండె బడిలో. రిటైరయి జీవాలు పెట్టుకున్యాడు, అరవై రెండు. కూతురు నంద్యాలలో డాక్టరంట..." రామేశ్వరమ్మ ఆగి, నిర్మల మొహం చూసింది. మహేష్ నేల చూశాడు.

"నువ్వేనామ్మా?"

"నేనే."

"అట్లయితే మీ ఇంటికీ అల్లుడొచ్చినాడు" అంది రామేశ్వరమ్మ. "మీ నాయన చెప్పల్యా?"

జీపు ఆళ్ళగడ్డ వైపు తిరిగింది. నిర్మలకు ముప్పై ఒక్క ఏళ్ళు. ఉద్యోగంలో చేరి ఐదేళ్ళు. ఈ మధ్య మూడేళ్ళలో తండ్రి ఏడు సంబంధాలు చూపించాడు, ఆమె ఏడూ వద్దంది. తండ్రి గొర్రెలు పెట్టుకున్న రోజు నుంచీ ఆమె ఆయనకు రెండే మాటలు చెబుతోంది. టీకాలు వేయించు. బయటి జీవాన్ని తెస్తే మూడు వారాలు విడిగా కట్టెయ్. మొదటిదానికి ఆయన వచ్చే నెల అనేవాడు. రెండోదానికి నేనేమన్నా కొంటున్నానా అనేవాడు.

"మేడం" అన్నాడు మహేష్ ఆళ్ళగడ్డ సెంటర్లో బండి నెమ్మది చేస్తూ. "అల్లుడున్న ఇంటికి వట్టి చేతులతో పోతే బాగుండదు. స్వీట్లు తీసుకుందామా?"

"మహేష్, సాలురేగడిలో ఎన్ని మందలున్నాయో కనుక్కో."

అతను ఫోను చేశాడు. తిమోతి సారువి కాక ఐదు మందలు. మూడు నెలలు దాటిన జీవాలు మూడు వందల తొంభై ఎనిమిది. అన్నీ ఒకే బీట్లో మేస్తాయి. నిర్మల వెనక్కి తిరిగి ఐసు పెట్టె వైపు చూసింది. తండ్రి అరవై రెండూ కలిపితే నాలుగు వందల అరవై. ఉన్నవి నాలుగు వందలు. ఆ అరవై రెంటి మధ్య పొట్టేలు రెండు రోజులుగా తుమ్ముతోంది.

తిమోతి సారు వరండా ముందే పొట్టేలు కట్టేసి ఉంది. నుదుట పసుపు. సారు దాని ముందు కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాడు.

"రామ్మా. చెప్పకుండా వచ్చినావే?"

"నువ్వు చెప్పకుండా అల్లుణ్ణి తెచ్చుకున్నావని తెలిసి వచ్చాను."

సారు పేపరు మడిచాడు. "నువ్వు తెస్తావని మూడేండ్లు చూసినా. రాకపాయె. నేనే తెచ్చుకున్యా."

మహేష్ ఐసు పెట్టె దించే నెపంతో జీపు వెనక్కి పోయాడు.

"దీనికి జలుబు ఉందా నాయనా?"

"వచ్చినప్పుడుండె. ఇప్పుడు తగ్గిపాయ. చూడు, ముక్కు ఎండింది."

"దీనికి తగ్గింది. మిగతావాటికి ఇప్పుడు మొదలవుతుంది." ఆమె ఎర్రబావి కొట్టాల తేదీలున్న కాగితం తండ్రికి ఇచ్చింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని, పిల్లల పరీక్ష పేపరు దిద్దినట్టు పైనుంచి కిందికి చూశాడు.

"శనివారం నుంచి ఐదు దినాలు" అన్నాడు. "గురువారం."

"అవును."

"సూది ఎన్ని దినాలకు పనిచేస్తుంది?"

"పది."

ఆయన కాగితం మళ్ళీ చూశాడు. "అంటే నావాటికి వెయ్యవు."

"వెయ్యను నాయనా. ఉన్నవి నాలుగు వందలు. పక్క మందలవి మూడు వందల తొంభై ఎనిమిది."

"రెండు మిగుల్తాయి కదా?"

"నాయనా."

"ఊరికే అడిగినా" అన్నాడు సారు.

అసలు తంటా పక్కింట్లో మొదలైంది. సుగుణమ్మకు తొంభై జీవాలు, ఆ ఊళ్ళో అందరికంటే ఎక్కువ. ఆమె ఏది చేస్తే మిగతా నలుగురూ అదే చేస్తారు. దొడ్డి గేటుకు అడ్డం నిలబడి ఆమె ఒకే మాట అంది.

"ముందు మీ నాయన జీవాలకు వేయి డాక్టరమ్మా. తర్వాత మావాటికి."

"వాటికి వెయ్యడం లేదమ్మా."

"అదే అడుగుతాండా. మీ ఇంటి గొర్రెలకు వద్దనుకున్న సూది మావాటికెట్ల మంచిదైతాది?"

మిగతా నలుగురూ వెనక చేరారు. అందులో ఒకాయన, పోయినేడు సూదేస్తే రెండు చూడి గొర్రెలు ఈసుకుపోయినాయని గుర్తుచేశాడు. నిర్మల వైరస్ గురించి చెప్పింది. రోగం చేరిన మందకు, చేరని మందకు తేడా చెప్పింది. సుగుణమ్మ చివరిదాకా విని తిమోతి సారు దొడ్డి వైపు చూపించింది. అరవై రెండు గొర్రెలూ కంది కట్టె నములుతున్నాయి. ఒక్కటన్నా దగ్గడం లేదు.

"రోగం యాడుందమ్మా?"

రోగం గురువారం వస్తుంది. టీకా ఇవాళ వెయ్యాలి. అరవై రెండు టీకాలు తండ్రి మందకు వేసి చూపిస్తే వీళ్ళు ఒప్పుకుంటారు. అప్పుడు వీళ్ళలో ఒకరి మందకు టీకా చాలదు. ఆమె సీసా చేతిలో పట్టుకుని నిలబడింది. ఒకసారి కలిపితే రెండు గంటల్లో వాడెయ్యాలి కాబట్టి మహేష్ ఇంకా కలపలేదు.

తిమోతి సారు తన గేటు వేసి, గొళ్ళెం పెట్టి వచ్చాడు. ఊళ్ళో రోగం వచ్చిన మందవాడని పేరు పడితే మేపుకి ఎవరూ రానివ్వరు. ఎరువు కోసం చేలల్లో మంద కట్టమని ఎవరూ పిలవరు. జీవాలు పెట్టుకున్న నాలుగేళ్ళలో సారుకు ఆ సంగతి తెలుసు. అక్కడున్న అందరికీ తెలుసు.

"సుగుణమ్మా, నా మందకు రోగమొచ్చింది" అన్నాడు.

"యాడొచ్చింది సారూ? రాయి మాదిరుండాయి కదా?"

"వచ్చింది. బయటపడేది గురువారం. తెచ్చింది నేనే, ఆ పొట్టేలుతో. నా కూతురు వద్దని నాలుగేండ్లుగా చెప్తాంది. నేను కొనల్యా కదా అని తెచ్చినా. నావాటికి ఇప్పుడు సూది వేసినా దండగ. మీవాటికి దండగ కాదు."

"గురువారం రాకపోతే?"

"రాకపోతే నా దొడ్లోకి వచ్చి నీకు నచ్చిన జీవాన్ని తోలుకుపో. నేను తప్పు లెక్క చెప్పినా అని ఊరంతా చాటించు."

సుగుణమ్మ ఆలోచించింది. తిమోతి సారు ఆమె కొడుకులిద్దరికీ లెక్కలు చెప్పినవాడు. ఇద్దర్నీ ఫెయిలు చేసినవాడు కూడా. లెక్క తప్పయితే సొంత తమ్ముడికైనా మార్కు వెయ్యడని పేరు.

"సారు లెక్క తప్పదులేప్పా" అని ఆమె గేటు తీసింది. "ఆ సంగతి మా ఇంట్ల బాగా తెలుసు."

మహేష్ మొదటి సీసా కలిపాడు. సారు చొక్కా చేతులు మడిచి సుగుణమ్మ దొడ్లోకి పోబోతే నిర్మల తండ్రిని గేటు దగ్గరే ఆపింది.

"నువ్వు లోపలికి రాకూడదు. నీ బట్టల మీద కూడా ఉంటుంది."

"అట్లయితే నేనేం చెయ్యాల?"

"ఇంటికి పో. అల్లుణ్ణి గదిలో కట్టెయ్."

సారు పోయాడు. పొట్టేలును ఎరువుల గదిలో కట్టి, బయట కుర్చీ వేసుకుని, సాయంత్రం దాకా అక్కడి నుంచే పక్క దొడ్లలో సూదులు పడడం చూశాడు. ఆరుంబావుకు మూడు వందల తొంభై ఎనిమిదీ పూర్తయ్యాయి.

గురువారం పొద్దున ఏడింటికి తిమోతి సారు మందలో నాలుగు గొర్రెలు మేత ముట్టలేదు. ఏడున్నరకు సుగుణమ్మ గోడ మీదుగా తొంగి చూసి వెళ్ళిపోయింది. నిర్మల రోజూ డ్యూటీ అయ్యాక నంద్యాల నుంచి వచ్చేది. నీళ్ళు పట్టేది, నోటి పుండ్లకు మందు పూసేది, ఊపిరితిత్తులు చెడకుండా సూదులేసేది. సారు పలక మీద రోజుకో గీత గీసి, పోయినవాటిని గీత కింద రాసేవాడు. మంద మూడు వారాలు గేటు దాటలేదు. మేత లోపలికే వచ్చేది. తెల్లారేసరికి గేటు బయట పచ్చిగడ్డి మోపులు ఉండేవి. ఎవరు పెట్టారని సారు అడగలేదు. పక్కవాళ్ళ మందల్లో ఒక్క జీవమూ పోలేదు.

డిసెంబరు రెండో తేదీ, సోమవారం, నిర్మల ప్రతి గొర్రె నోరూ తెరిచి చూసి, తోలుకోవచ్చని చెప్పింది. సారు గేటు తీసి పక్కన నిలబడ్డాడు. ఒక్కొక్కటే బయటికి వస్తుంటే పైకే లెక్కపెట్టాడు. యాభై ఒకటి. దొడ్లోకి తొంగి చూసి వచ్చి మళ్ళీ లెక్కపెట్టాడు. యాభై ఒకటే.

"పదకొండు" అన్నాడు.

"ఇంకా పోయేవి నాయనా."

"తెలుసులే. నాకు లెక్క చెప్తావా?"

గోడ అవతలి నుంచి సుగుణమ్మ గొంతు వచ్చింది. "సారూ, టీ!"

సారు కూతురి వైపు వంగి గొంతు తగ్గించాడు. "పొద్దున్నుంచి ఇది ఆరోది. ఐదిండ్లోళ్ళూ వంతులేసుకుని తాపుతాండారు. వద్దంటే సారుకు కోపమొచ్చిందంటారు. తాగలేక చస్తాండా."

"షుగరుంది నీకు."

"ఆ మాట నువ్వే పోయి చెప్పు. నా మాట వినరు."

నిర్మల గోడ దగ్గరికి వెళ్ళి గ్లాసు అందుకుంది. సుగుణమ్మ చూస్తుండగానే నిలబడి సగం తాగింది. మిగతా సగం తండ్రి చేతికిచ్చింది.

"చక్కెర ఎక్కువేసిందా?" అని అడిగాడు సారు.

"రెండు చెంచాలు."

సారు గ్లాసు ఎత్తి ఒక్క గుక్కలో తాగేసి, సుగుణమ్మకు చెయ్యి ఊపి, కట్టె తీసుకుని మంద వెనక నడిచాడు.